బెదురు కుక్కకు ఎలాంటి ఇల్లు కావాలి?

కుక్కల షెల్టర్లు ఇచ్చే దత్తత ప్రకటనల్లో తరచుగా కనిపించే వాక్యం ఒకటుంది: ‘కొంచెం సున్నితమైనది, అనుభవం ఉన్నవారికే ఇస్తాం.’ ఆ ప్రకటన ఫొటోలో గోధుమరంగు కుక్క చెవులు వెనక్కి వాల్చి, కెమెరాను చూడలేక పక్కకు చూస్తూ ఉంటుంది. చూసినవారికి జాలి కలుగుతుంది. వెంటనే ఫోను చేసి, ‘మా ఇంట్లో నా చిన్నప్పటి నుంచీ కుక్కలున్నాయండీ’ అంటారు. కుక్క ఇంటికి వస్తుంది. కొన్ని వారాలు తిరిగేసరికి ఎవరినో కరుస్తుంది, లేదా గోడ దూకి పారిపోతుంది, లేదా మంచం కింద నుంచి బయటికే రాదు. చివరికి మళ్లీ షెల్టర్‌కే చేరుతుంది, ఈసారి మరింత బెదిరిపోయి.

ఈ వ్యవహారంలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. షెల్టర్ అడిగిన అనుభవం ఒకటి, ఇంటివారికి ఉన్న అనుభవం మరొకటి. తిరుపతి, చిత్తూరు వైపు చాలా ఇళ్లలో కుక్క అంటే గేటు దగ్గర గొలుసుతో ఉండేదే. రాత్రి మిగిలిన అన్నం, పెరుగు కలిపి పెడతారు, దొంగ వస్తే మొరుగుతుందని నమ్ముతారు. అలా ఇరవై ఏళ్లు పెంచినా కుక్క శరీరభాష చదవడం రాకపోవచ్చు. పైగా గొలుసుకే కట్టి ఉంచే కుక్కను తగినంతగా తిప్పకపోవడం 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం కింద నేరం. ఆ సంగతి తెలిసి గేటు దగ్గర కుక్కను కట్టేసినవారు ఎందరో నాకు అనుమానమే.

షెల్టర్‌లో ఉన్నవి ఎక్కడివి?

వీధి కుక్కలన్నీ షెల్టర్లలో ఉండాలని చట్టం ఎప్పుడూ అనలేదు. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధి కుక్కను పట్టుకుంటే, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. కాబట్టి ఇన్నాళ్లూ షెల్టర్లలో ప్రధానంగా దెబ్బలు తగిలినవి, తల్లిలేని కూనలు, యజమానులు వదిలేసిన జాతి కుక్కలు ఉండేవి. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ఈ లెక్కను మార్చింది. విద్యాసంస్థలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల్లోని కుక్కలను తీసి షెల్టర్లకు చేర్చాలని, తిరిగి అక్కడ వదలకూడదని కోర్టు చెప్పింది. తిరుపతిలో ఈ జాబితాలోకి రాని చోటును వెతకడమే కష్టం: రుయా, స్విమ్స్ ఆసుపత్రులు, వెంకటేశ్వర విశ్వవిద్యాలయం, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, బస్టాండు, స్టేషను.

అలాంటి ప్రాంగణం నుంచి వచ్చిన నాలుగేళ్ల కుక్కను ఊహించుకోండి. హాస్టల్ పిల్లలు పెట్టే బిస్కట్లతో పెరిగింది, వందలమందిని చూసింది. మనుషులంటే దానికి భయం లేదు. కానీ తలుపు మూసిన గదిలో ఎన్నడూ ఉండలేదు. నెత్తిన తిరిగే ఫ్యాను, కుక్కర్ కూత, మిక్సీ చప్పుడు, తుడుపు కర్ర అన్నీ దానికి కొత్త. నచ్చని మనిషి ఎదురైతే ఇన్నాళ్లూ అది చేసిన పని ఒక్కటే, దూరంగా వెళ్లిపోవడం. ఇంట్లో ఆ దారి మూసుకుపోతుంది. పారిపోలేని జంతువుకు మిగిలేది గుర్రుమనడం, ఆ తర్వాత కరవడం. వీధిలో హాయిగా ఉన్న కుక్కను ఇంటికి తెచ్చి ‘రక్షించాం’ అనుకోవడం అన్నిసార్లూ నిజం కాదు.

‘సున్నితం’ అనే ఒక్క మాట కింద షెల్టర్లు చాలా వేర్వేరు సంగతులను సర్దేస్తాయి. కూనగా ఉన్నప్పుడు మనుషుల చేతుల్లో పడని కుక్క ఒకటి. సుమారు మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగో వారం వరకూ కుక్కపిల్ల మెదడు ‘ఇవి మామూలే’ అన్న జాబితా రాసుకుంటుంది. ఈ కాలానికి ఉన్న ప్రాధాన్యాన్ని అమెరికాలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ ఏళ్ల తరబడి పరిశోధించి 1965లో వెల్లడించారు. ఆ జాబితాలో మనుషులు లేని కుక్క తర్వాత నేర్చుకోగలదు గానీ నత్తనడకన నేర్చుకుంటుంది, కొంతవరకే నేర్చుకుంటుంది. ఇంకొకటి తిండి గిన్నె దగ్గరకు ఎవరైనా వస్తే మాత్రమే మారిపోయే కుక్క. మరొకటి ఒంటరిగా వదిలితే తలుపులు గీకి గోళ్లు ఊడగొట్టుకునేది. శబ్దాలకు వణికేది ఇంకొకటి. వీటిలో ఏది అన్నది తెలియకుండా దత్తతకు ఒప్పుకోవడం రోగం పేరు వినకుండా మందు కొనడమే.

కనిపించని కారణం ఇంకొకటి ఉంది, అది నొప్పి. చెవి లోపల పుండు ఉన్న కుక్క తల నిమిరితే కరుస్తుంది, అందులో దాని స్వభావం తప్పేమీ లేదు. మన ప్రాంతంలో పిడుదుల ద్వారా వచ్చే ఎర్లిఖియా జ్వరం మామూలు. ఒంట్లో రక్తకణాలు తగ్గి, కీళ్లు నొప్పిగా ఉండి, కుక్క మూలకు చేరుతుంది. చూసినవారు ‘ముభావి’ అంటారు. రక్తపరీక్షలో బయటపడుతుంది, సాధారణంగా నాలుగు వారాల డాక్సీసైక్లిన్‌తో లొంగుతుంది. తిరుపతివారికి ఈ విషయంలో ఒక అదృష్టం ఉంది. 1955లో మొదలైన పశువైద్య కళాశాల, దాని ఆసుపత్రి ఊళ్లోనే ఉన్నాయి. 2005లో ఏర్పడిన వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి కేంద్రమూ ఇదే. దత్తత కాగితాల మీద సంతకానికి ముందే ఒక రక్తపరీక్ష, చెవులు, పళ్లు, కీళ్ల పరీక్ష చేయించమని షెల్టర్‌ను అడగడం అతి కాదు.

గుర్రుమంటే కొట్టవద్దు

మొరిగే కుక్క కరవదన్న సామెతను నమ్మి కరిపించుకున్నవారు లేని వీధి ఉండదు. కుక్క మొరుగుతుంది, కరుస్తుంది కూడా. అయితే కరవడానికి చాలా ముందే చెబుతుంది. ముఖం పక్కకు తిప్పుతుంది. తిండి లేకపోయినా పెదవులు నాక్కుంటుంది. నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది. కనుగుడ్డు పక్కన తెల్లభాగం నెలవంకలా కనిపిస్తుంది. తోక పొట్టకిందికి పోతుంది, నోరు మూసుకుంటుంది, ఒళ్లు కొయ్యబారుతుంది. ఇవన్నీ అయ్యాక గుర్రుమంటుంది. ఇంట్లో పెద్దవారు అక్కడ కర్ర అందుకుంటారు, ‘మన మీదే గుర్రుమంటుందా’ అని. రెండుమూడు సార్లు దెబ్బలు తిన్న కుక్క గుర్రుమనడం మానేస్తుంది. భయం మాత్రం అలాగే ఉంటుంది. తర్వాతి సారి మెట్లన్నీ దాటేసి నేరుగా కరుస్తుంది. ‘ఏ సూచనా లేకుండా కరిచింది’ అని మనం చెప్పుకునే కథల్లో చాలావాటికి మూలం ఇదే.

కుక్కకు మనమే నాయకులమని చూపాలి, పడుకోబెట్టి మెడ పట్టాలి అని చెప్పే శిక్షకులు ఇప్పటికీ ఉన్నారు. ఆ సిద్ధాంతం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బంధించిన తోడేళ్ల మీద చేసిన పరిశీలనల నుంచి పుట్టింది. 1970లో దాన్ని ప్రచారంలోకి తెచ్చినవారిలో ముఖ్యుడైన డేవిడ్ మెక్, అడవిలో తోడేళ్ల గుంపు అంటే తల్లీతండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబమని 1999లో తానే రాశాడు. బందీ తోడేళ్ల మీద కట్టిన సిద్ధాంతంతో మన వీధి కుక్క మెడ పట్టుకోవడంలో అర్థం లేదు. నెలరోజులు తమ దగ్గరే ఉంచుకుని ‘మాట వినేలా’ చేసి పంపుతామనే చోట్లకు బెదురు కుక్కను అప్పగించకూడదని నా గట్టి అభిప్రాయం. తిరిగి వచ్చేది నిమ్మళమైన కుక్క కాదు, నోరు మూయించిన కుక్క.

మరి చేయవలసినది ఏమిటి? దానికి అపరిచితులంటే భయం అనుకుందాం. ముందు దూరం కనిపెట్టాలి. ఎంత దూరంలో మనిషి ఉంటే అది గమనిస్తుంది కానీ చేతిలోని ముక్క తినగలుగుతుంది? అది ఇరవై అడుగులు కావచ్చు, వీధి చివర కావచ్చు. తినడం మానేసిందంటే దగ్గరైపోయామని అర్థం. ఆ దూరంలో మనిషి కనిపించిన తర్వాత చికెన్ ముక్క రావాలి. మనిషి కనుమరుగవగానే ముక్కలు ఆగిపోవాలి. ఈ వరుస తప్పితే పని మొత్తం చెడుతుంది. ముందు ముక్క చూపించి, ఆ మురిపెంతో మనిషి దగ్గరికి లాక్కుపోతే, కొన్నాళ్లకు చికెన్ కనిపించగానే కుక్క వణుకుతుంది, ‘ఇదిగో, మళ్లీ ఎవరో వస్తున్నారు’ అని. మనిషి ముందు, ముక్క తర్వాత. ఆ అపరిచితుడు ముక్కను తన చేత్తో ఇవ్వకూడదు. ఆశకొద్దీ దగ్గరికొచ్చి తీసుకున్న కుక్క, అది అయిపోగానే తాను ఎక్కడున్నానో గ్రహించి హడలిపోతుంది. కాట్లు పడే క్షణాల్లో అదొకటి.

మాంసం వండని ఇళ్లవారు, శనివారం ముట్టనివారు ఇబ్బంది పడనక్కరలేదు. పనీరు ముక్క, గుడ్డు తినే ఇల్లయితే ఉడికించిన గుడ్డు, అదే పని చేస్తాయి. రోజూ పెట్టే అన్నం కంటే అది దానికి ప్రియంగా ఉండాలి, అంతే.

మూతికి తొడిగే బుట్టను అవమానంగా చూడటం మానాలి. దూడలకు, ఎద్దులకు చిక్కం కట్టినప్పుడు మనకు ఏమీ అనిపించదు కదా. లోపల నోరు తెరిచి రొప్పగలిగేంత, నీళ్లు తాగగలిగేంత వెడల్పుగా ఉండే బుట్ట రకం కావాలి. నోటిని గట్టిగా బిగించే గుడ్డపట్టీ మన ఎండల్లో ప్రమాదం, ఎందుకంటే కుక్క ఒళ్లు చల్లబరచుకునేది ప్రధానంగా రొప్పడం ద్వారానే. బుట్టను కూడా రోజూ అందులో తిండి పెడుతూ కొన్ని వారాలు అలవాటు చేయాలి. డాక్టరు దగ్గరకు వెళ్లే రోజున హఠాత్తుగా తొడిగితే అదొక కొత్త భయమవుతుంది.

తిరుపతి ఇల్లు అంటే సత్రం

ఇక్కడి ఇళ్లకు ఒక ప్రత్యేక సమస్య ఉంది. తిరుపతిలో ఇల్లున్న మనిషికి చుట్టాలు తక్కువుండరు. దర్శనం టికెట్టు దొరికిన ప్రతి బంధువూ ఒక పూట మన ఇంట్లోనే దిగుతాడు. తెల్లవారుజామున రెండింటికి లేచి లైట్లన్నీ వేసి, పిల్లలకు నీళ్లు పోసి, జీపు ఎక్కుతారు. సాయంత్రానికి గుండ్లతో, నెత్తిన గంధంతో దిగుతారు. మనిషి ఆకారాన్ని, వాసనను కలిపి గుర్తుపట్టే కుక్కకు ఉదయం వెళ్లిన పెద్దనాన్నా సాయంత్రం వచ్చిన పెద్దనాన్నా ఒకరే అని తెలియడానికి సమయం పడుతుంది. ఇంటాయనే గుండుతో వచ్చినా కొంత తడబాటు మామూలే.

వచ్చినవారు ప్రేమ కొద్దీ చేసే పని ఇంకొకటి ఉంది, లడ్డూ విరిచి పెట్టడం. అందులో ఎండు ద్రాక్ష ఉంటుంది. ద్రాక్ష, ఎండు ద్రాక్ష కుక్కల మూత్రపిండాలను దెబ్బతీయగలవు. ఎంత తింటే ప్రమాదమన్నది ఒక్కో కుక్కకు ఒక్కోలా ఉంటుంది కాబట్టి కొంచెమే కదా అనడానికి వీల్లేదు. ప్రసాదం కాదనడానికి మనసొప్పదు. కాదనాలి.

షెల్టర్ కోరే అనుభవంలో సగం నిజానికి ఇదే, మొహమాటం లేకపోవడం. ‘అత్తయ్యా, దాని వైపు చూడకండి. వంగి పిలవకండి. అది వాసన చూస్తే చూడనివ్వండి, చెయ్యి చాపకండి’ అని ఇంటికొచ్చిన పెద్దవారితో చెప్పగలగాలి. ‘కుక్కలకు నేనంటే ప్రాణం’ అంటూ మీదికెళ్లే మామయ్యను మధ్యలోనే ఆపగలగాలి. అది చేయలేనివారు చుట్టాలు వచ్చినప్పుడు కుక్కను లోపలి గదిలో పెట్టి గొళ్లెం వేయాలి, గొళ్లెం పిల్లలకు అందని ఎత్తులో ఉండాలి. ఇద్దరే ఉండి, రోజూ ఒకే వేళకు లేచి ఒకే వేళకు తినే రిటైరైన దంపతులు, మాట కచ్చితంగా చెప్పగలవారైతే, ముందు ఎప్పుడూ కుక్కను పెంచకపోయినా, నాలుగు అల్సేషియన్లను పెంచిన హడావుడి మనిషి కంటే ఈ కుక్కకు మేలు. చిన్నపిల్లలున్న ఉమ్మడి కుటుంబం, ఎంత మంచి మనసున్నదైనా, ఇలాంటి కుక్కకు తగదు. అలాంటి ఇంటికి షెల్టర్‌లోనే ఉండే మరో సరదా కుక్క చక్కగా సరిపోతుంది.

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తుంది. డప్పులు, ముఖాలకు రంగులు, బైరాగి వేషం, బండ వేషం, దొర వేషం, చీరలు కట్టిన మగవారు. మనకు పండగ, బెదురు కుక్కకు వారం రోజుల పీడకల. దీపావళి టపాసులు సరేసరి. ఆ రోజుల్లో కుక్కను పల్లెలో బంధువుల ఇంటికి పంపుదామన్న ఆలోచన వస్తుంది. కొత్త చోటు దానికి మరో భయం కాబట్టి ఇంట్లోనే లోపలి గది, మూసిన కిటికీలు, ఫ్యాను మోత, పక్కన తెలిసిన మనిషి మేలు. శబ్దభయం తీవ్రంగా ఉంటే పశువైద్యులు ముందుగానే మందు రాస్తారు. ఏసీప్రోమజీన్ ఒక్కదానితో సరిపెట్టవద్దు. అది శరీరాన్ని మగతలో పడేస్తుంది, లోపలి భయాన్ని తీయదు. దీర్ఘకాల భయానికి వాడే ఫ్లుయాక్సిటిన్, క్లోమిప్రమిన్ లాంటివి మత్తుమందులు కావు. పనిచేయడానికి వారాలు పడతాయి, శిక్షణతో కలిస్తేనే ఫలితం. ఇంట్లో మనం వాడే ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు మాత్రం కుక్కకు విషం.

నడక విషయంలో తొందర వద్దు. తెల్లవారుజామున వీధి ఖాళీగా ఉంటుందనుకుంటాం. కొండ కింది కాలనీల్లో ఆ వేళ చిరుతలకు కూడా అనువైనదే. అలిపిరి నడకదారిలో 2023 నాటి దాడులు ఎవరూ మరచిపోలేదు, చిరుతకు కుక్క సులువైన ఆహారం. పొద్దెక్కితే తారురోడ్డు అరికాళ్లను కాలుస్తుంది. పైగా ప్రతి మలుపులో అక్కడి కుక్కల గుంపు కొత్తదాన్ని తరుముతుంది. మొదటి వారాల్లో మేడమీద, కోతులు లేని వేళ, పిట్టగోడ ఎత్తు చూసుకుని తిప్పితే చాలు. బయటికి తీసినప్పుడు మెడపట్టీకి ఒక తాడు, ఒంటిపట్టీకి ఒక తాడు, రెండూ ఉండాలి. బెదిరిన కుక్క వెనక్కి గుంజితే మెడపట్టీ తలమీదుగా ఊడిపోతుంది, కొత్తగా తెచ్చిన కుక్కలు తప్పిపోయేది ఎక్కువగా అలాగే.

షెల్టర్‌ను అడగవలసినవి

‘కరుస్తుందా?’ అని అడిగితే ‘అబ్బే, లేదండీ’ అనే జవాబు వస్తుంది. ఎవరిని, ఎప్పుడు, దానికి క్షణం ముందు ఏమి జరిగింది, పన్ను ఎంత లోతు దిగింది అని అడగాలి. ఇయాన్ డన్‌బార్ అనే పశువైద్యుడు కాట్లను ఆరు మెట్లుగా విభజించాడు. మొదటి రెండింటిలో చర్మంలోకి పన్ను దిగదు. మూడులో దిగుతుంది గానీ కోరపన్ను పొడవులో సగానికి లోపే. నాలుగు నుంచి లోతైన గాయాలు. భయపడి గాల్లో కొరికిన కుక్కకు తన నోటి మీద అదుపు ఉంది. నాలుగో మెట్టు చేరిన కుక్కను, ఎంత జాలి కలిగినా, ఇంటికి తెచ్చుకునే పని సామాన్య గృహస్థుది కాదు.

రేబిస్ టీకా కార్డు చేతికి రావాలి. ఇంటిల్లిపాదీ కాటుకు ముందే వేయించుకునే రేబిస్ టీకా గురించి డాక్టరును అడగడం మంచిది. 0, 7 రోజుల్లోనూ, 21 లేదా 28వ రోజునా మూడు మోతాదులు. అవి పూర్తయినవారికి తర్వాత కాటు పడితే రెండు మోతాదులు చాలు, గాయంలో వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ అవసరం ఉండదు. వేయించుకున్నా లేకున్నా, పన్ను గీరిన వెంటనే పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు, కారం, సున్నం అద్దవద్దు.

చట్టం వైపు కూడా ఒకసారి చూడాలి. జంతువు వల్ల మనుషులకు ప్రమాదం కలగకుండా చూసుకోని యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. వీధి కుక్కను దత్తత తీసుకున్నవారు అది తిరిగి వీధిన పడకుండా చూడాలని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న చెప్పింది. మరి ఇంట్లో పొసగక కొండ దారిలో వదిలేసి వచ్చినవారికి శిక్ష? 1960 చట్టంలో మొదటిసారి నేరానికి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. టైపు పొరపాటు కాదు, యాభై రూపాయలే.

కాబట్టి చట్టం కంటే షెల్టర్‌తో రాసుకునే కాగితమే కుక్కకు దిక్కు. మొదట కొన్ని వారాలు తాత్కాలికంగా ఉంచుకునే ఏర్పాటు అడగండి. మంచి షెల్టర్ దానికి సంతోషంగా ఒప్పుకుంటుంది, ఒప్పుకోని చోట ఎందుకో ఆలోచించండి. మొదటి రోజుల్లో బెదిరి ముడుచుకున్న కుక్క తర్వాత తన అసలు రూపం చూపవచ్చు, అది మెరుగైనది కావచ్చు, కాకపోవచ్చు కూడా. కుదరకపోతే తిరిగి ఇవ్వడంలో సిగ్గుపడవలసింది లేదు, ఏది కుదరలేదో రాసి ఇస్తే తర్వాతి ఇంటిని వెతకడం వారికి సులువవుతుంది. తిరిగి తీసుకుంటామన్న షరతుకు చాలాచోట్ల మూడు నెలలో, ఆరు నెలలో గడువు పెడతారు. ఆ గడువు కొట్టేయించి, కుక్క బతికి ఉన్నంతకాలం అని రాయించుకోండి.